డ్రమ్ము మీది పేరు

వరంగల్ రంగశాయిపేటలో హల్లెలూయ బ్యాండు ఎక్కడని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. సందు చివర రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గది గోడకు మేకులు కొట్టి ట్రంపెట్లు, తాళాలు తగిలించి ఉంటాయి. మూలన పెద్ద డ్రమ్ము. దాని తెల్లటి ముఖం మీద నీలం రంగుతో బ్యాండు పేరు, కింద ఊరి పేరు. ఆ అక్షరాలు మొదట రాసింది కృపానందం నాయన. ఆయన కాజీపేట రైల్వేలో గ్యాంగుమన్. డ్యూటీ దిగిన సాయంత్రాలు చర్చి వరండాలో కూచుని క్లారినెట్ నేర్చుకున్నాడు. రిటైరయ్యాక బ్యాండు పెట్టి, ఏం పేరు పెట్టాలని ఎవరినీ అడగకుండా, రోజూ నోట్లో ఆడే స్తుతి మాటనే డ్రమ్ము మీద రాసుకున్నాడు.

నాయన పోయాక బ్యాండు కృపానందం చేతికొచ్చింది. పొట్టి మనిషి. యాభై దాటినా తలలో తెల్ల వెంట్రుక కనిపించదు, రంగు వేస్తాడు. పెళ్లిళ్లకు పోయేవాడు ముసలివాడిలా కనబడితే ఎట్లా అంటాడు. బజారులో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని మాస్టర్ అనే పిలుస్తారు. పెళ్లి ఊరేగింపులు, బోనాలు, వినాయక నిమజ్జనాలు, దర్గా దగ్గర ఉర్సు, క్రిస్మస్ - పిలిచినవాళ్ల ఇంటికల్లా పోయి వాయించాడు. ఎవరి పండుగకు వాళ్ల పాట. అందులో ఆయనకు ఏ తేడా లేదు.

తేడా చర్చికే వచ్చింది. చాలా ఏళ్ల కింద, నిమజ్జనంలో వాయిస్తున్నాడని సంఘపెద్దలు ఆయన్ని రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టారు. కృపానందం వాదించలేదు, మేళమూ మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి చివరి వరసలో కూచునేవాడు. రొట్టె పళ్లెం తనను దాటి పక్కవాడి దగ్గరికి పోతుంటే కళ్లు మూసుకునేవాడు. అప్పటి పాస్టరు ఒకరోజు ఇంటికొచ్చి, ఇంకెన్నాళ్లు ఇట్లా అని అడిగితే ఒకటే మాట చెప్పాడు.

"అయ్యగారూ, నేను పాట అమ్ముకుంటాన. మోకాలు అమ్ముకుంటలేను. నా మోకాలు ఎవరి ముందల వంగుతదో దేవునికి ఎరుకే."

ఆ జవాబు పాస్టరుకు నచ్చిందో లేదో గాని, ఆ క్రిస్మస్‌కు మళ్లీ బల్లకు పిలిచారు.

ఆయన కష్టం నిజంగా మొదలైంది ఒక మాఘమాసపు పెళ్లిలో.

రాజేశ్వర్ రావుకు వరంగల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కృపానందంతో ఆయనకు ఇరవై ఏళ్ల పరిచయం. బిడ్డ లావణ్య పుట్టి ఇరవై ఒకటో దినం చేసినప్పుడు మేళం ఈయనదే, ఇల్లు కట్టి పాలు పొంగించినప్పుడూ ఈయనదే. లావణ్య పెళ్లి కుదరగానే, ఇంకా ఫంక్షన్ హాలు మాట్లాడకముందే రాజేశ్వర్ రావు ఫోన్ చేశాడు. "మాస్టర్, ఎదుర్కోళ్లకు నీ క్లారినెట్టే ఉండాలె. మగపెండ్లోళ్లు డీజే పెడతమంటాండ్లు, నేను వద్దన్న."

హసన్‌పర్తి పోయే రోడ్డు మీద హాలు. మగపెళ్లివారు పొద్దున తొమ్మిదింటికి దిగారు. పెళ్లికొడుకు శశాంక్ కారు గేటు బయట ఆగింది. బ్యాండు రెండు వరసల్లో నిలబడింది. ముందు కృపానందం క్లారినెట్‌తో, పక్కన బామ్మర్ది విన్సెంట్ ట్రంపెట్‌తో. వెనక చిన్న డ్రమ్ము మెడకు వేసుకుని మహిపాల్, అతని పక్కన పెద్ద డ్రమ్ము మోసే మనిషి. మహిపాల్ కొమురెల్లి మల్లన్న భక్తుడు, మెడలో ఎప్పుడూ పసుపుతాడు ఉంటుంది. ఆ బ్యాండులో సగం మంది హిందువులే.

మొదటి పాట సగంలో ఉండగా, పెళ్లికొడుకు చిన్నాయన కొడుకు సాకేత్ స్నేహితులతో ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. పాట ఆగింది.

"ఇదేం పేరు? ఇది పెండ్లా, ప్రార్థన కూటమా?" అన్నాడు డ్రమ్ము వైపు చూపిస్తూ.

"బ్యాండు పేరు బాబూ. మా నాయన పెట్టింది," అన్నాడు కృపానందం.

"మా పెండ్లిల గది కనబడొద్దు."

రాజేశ్వర్ రావు పరుగున వచ్చాడు. పట్టుపంచె, నుదుట చెమట. ఒకవైపు కొత్త వియ్యంకులు, ఇంకోవైపు ముహూర్తం. కృపానందం భుజం మీద చెయ్యేసి చెవిలో అన్నాడు. "మాస్టర్, జర ఆ డ్రమ్ము మీద తువ్వాల కప్పించు. పది నిమిషాల ముచ్చట. బిడ్డ పెండ్లి, నా మొఖం చూడు."

కృపానందం ఆయన మొఖం చూశాడు. ఇరవై ఏళ్ల మొఖం అది. మహిపాల్ భుజం మీద ఉన్న తువ్వాల తీసి తనే డ్రమ్ము మీద పరిచి, అంచులు తాళ్ల కింద దోపాడు. పేరు మూసుకుపోయింది. మళ్లీ క్లారినెట్ నోటికి పెట్టుకున్నాడు.

అక్కడితో అయిపోయి ఉంటే ఈ కథ లేదు. కాని తువ్వాల కప్పడం చూశాక సాకేత్‌కు ఇంకొంచెం కావాలనిపించింది. మెడలోని కండువా తీసి కృపానందం మెడలో వేశాడు. తాము చెప్పిన నినాదం మూడుసార్లు గట్టిగా అనమన్నాడు. స్నేహితుడొకడు ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు.

కృపానందం కండువా తీసి, మడతపెట్టి, సాకేత్ చేతికి తిరిగి ఇచ్చాడు.

"మీ పాట చెప్పుండ్లి, మీరు మెచ్చేటట్టు వాయిస్త. నోటితోటి మాత్రం అనను."

"ఎందుకు అనవు?"

"నా నోరు ఒకరికి ఇచ్చిన బాబూ. అది మళ్ల అడిగి తీసుకునేది కాదు."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది ఎవరు కొట్టారో తెలియదు. క్లారినెట్ లాక్కుని గేటు దిమ్మెకేసి కొట్టారు. నాయన వాయించిన క్లారినెట్ అది, రెండు ముక్కలైంది. కృపానందం ఆ ముక్కలు ఏరుకోవడానికి వంగాడు. బూటు కాలొకటి ఆయన కుడిచేతి మీద పడి, అక్కడే నిలబడి తిరిగింది. మహిపాల్ డ్రమ్ముతో సహా ఆయన మీద పడి కప్పేదాకా "అను, అను" అంటూనే ఉన్నారు. కృపానందం అనలేదు. అరవనూ లేదు. పళ్లు బిగించుకుని నేల వైపు చూస్తూ ఉన్నాడు.

రాజేశ్వర్ రావు భార్య అరుణ గేటు లోపలి నుంచి "పెండ్లింట్ల ఇదేందిరా" అని రెండడుగులు ముందుకొచ్చింది. భర్త కళ్లతో సైగ చేశాడు. ఆమె ఆగిపోయింది. తర్వాత ఎవరో కారులోని పాటలు పెద్దగా పెట్టారు. ఎదుర్కోళ్లు ఆ పాటలతోనే జరిగిపోయాయి.

పెద్ద దవాఖానలో కుడిచేతి రెండు వేళ్లకు కడ్డీలు వేశారు. అతుక్కుంటాయి గాని పూర్తిగా వంగవని డాక్టర్ చెప్పాడు. క్లారినెట్ వాయించేవాడికి ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. భార్య లిదియా మంచం పక్కన కూచుని ఆయన రెండో చేతిని పట్టుకుంది. లిదియా ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. వంద మందికి ఒక్కతే అన్నం వార్చే మనిషి, చేతులు గట్టివి.

"నొస్తాందా?" అని అడిగింది.

"వేళ్లు కాదు. ఆ తువ్వాల కప్పిన చూడు, అది నొస్తాంది," అన్నాడు కృపానందం. "వాడు అడగంగనే కప్పిన. కప్పినంకనే వానికి ధైర్యమొచ్చింది."

"పెండ్లి అని కప్పినవ్."

"పెండ్లి అనే కప్పిన. ఇగ కప్పను."

అప్పటికే ఆ వీడియో ఊరంతా తిరుగుతోంది. పెట్టింది సాకేత్ స్నేహితుడే, నవ్వు బొమ్మలు తగిలించి మరీ పెట్టాడు. తాము చేసింది దాచుకోవాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు.

మరునాడు మధ్యాహ్నం రాజేశ్వర్ రావు దవాఖానకు వచ్చాడు. చేతిలో పండ్ల సంచి. మంచం చివర కూచుని మెల్లగా మొదలుపెట్టాడు. "పిలగాండ్లు, తాగి ఉన్నరు. తెల్వక చేసిండ్లు మాస్టర్. దవాఖాన ఖర్చు నాది. క్లారినెట్ గూడ హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పిస్త. కేసు గీసు అంటే లావణ్య అత్తగారింట్ల తల ఎత్తుకోలేదు. నీకు తెలియనిది ఏమున్నది."

కృపానందం నోరు తెరవకముందే లిదియా అడిగింది. "సేటూ, మీరు గేటు కాడనే ఉన్నరు గదా?"

"ఉన్న."

"చూసిండ్లు గదా?"

ఆయన తల వంచుకున్నాడు.

"మరి పోలీసోళ్లు అడిగితే చూసిన అని చెప్తరా? అది చెప్పుండ్లి చాలు. క్లారినెట్ మేం కొనుక్కుంటం."

రాజేశ్వర్ రావు లేచి వెళ్లేటప్పుడు పండ్ల సంచి మంచం మీదే వదిలాడు. లిదియా ఆ పండ్లను వార్డులో ఉన్నవాళ్లందరికీ పంచిపెట్టింది.

కట్టు మెడకు వేలాడుతుండగానే కృపానందం స్టేషనుకు పోయి ఫిర్యాదు రాయించాడు. అప్పటికే అవతలి వాళ్లు ఇంకో ఫిర్యాదు ఇచ్చి ఉన్నారు: పెళ్లికి వచ్చినవాళ్లకు కరపత్రాలు పంచి మతం మార్చబోయాడని. ఆ కరపత్రం ఏదని అడిగితే చూపించడానికి ఏమీ లేదు, అయినా ఫిర్యాదు ఫిర్యాదే. ఇన్‌స్పెక్టర్ పెద్దమనిషిలాగే మాట్లాడాడు.

"రెండు కేసులు నడిస్తే ఇద్దరికీ తిప్పలే. నువ్వు ఒక్క మాట చెప్పు, హిందువుల పెండ్లిండ్లకు ఆ పేరుతోటి పోనని. వాళ్లతోటి సారీ చెప్పిస్త. అయిపాయె."

"సార్, నేను ఏం తప్పు చేసిన్నని నా పేరు మార్చుకోవాలె?"

"తప్పని ఎవరన్నరు? శాంతి కోసం."

"శాంతి కోసం ఒకసారి తువ్వాల కప్పిన సార్. ఇగో, దాని ఫలితం," అని కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టాడు.

వీడియో అందరూ చూశారు కనుక కేసు కట్టక తప్పలేదు.

అసలు ఒత్తిడి ఆ తర్వాత ఇంటివాళ్ల నుంచే వచ్చింది. ఉన్న పెళ్లి బుకింగులు ఒక్కొక్కటీ పోయాయి. కొందరు ఏదో సాకు చెప్పారు. ఒకతను మాత్రం ఉన్నమాట చెప్పాడు: "నీ మేళం పెడితే మా ఇంటికి లొల్లి వస్తది మాస్టర్." బ్యాండువాళ్లంతా ముందు గదిలో కూచున్నారు. విన్సెంట్ లేచి మాట్లాడాడు. విన్సెంట్ లిదియాకు సొంత తమ్ముడు. కృపానందమే అతనికి ట్రంపెట్ పట్టుకోవడం నేర్పాడు.

"బావా, దేవుడు మన గుండెల్ల ఉన్నడు గాని డ్రమ్ము మీద లేడు. రాయల్ బ్యాండ్ అని రాసుకుందం. ఆదివారం చర్చికి పోతం, మిగిలిన దినాలు రాయల్ బ్యాండ్. ఎవరికి నష్టం?"

"నువ్వన్నది తప్పు కాదు," అన్నాడు కృపానందం. "నిన్నటిదాంక అది ఉత్త పేరే. మార్చుమని ఎవడూ అడగకముందు మారిస్తే నాకు ఫికర్ లేకుండె. ఇప్పుడు కొట్టి మార్చుమంటాండ్లు. ఇప్పుడు మారిస్తే పేరు ఒక్కటే మారదు."

"పిల్లలకు ఏం పెట్టాలె మరి?"

అది తప్పు ప్రశ్న కాదని కృపానందానికీ తెలుసు. విన్సెంట్ మరో ముగ్గురితో కలిసి వెళ్లిపోయాడు. పోతూ పోతూ అక్క కాళ్లకు దండం పెట్టాడు. లిదియా ఆశీర్వదించింది గాని, తలుపు దాకా వెళ్లలేదు.

మహిపాల్ మాత్రం కదలలేదు. గోడకు ఆనుకుని డ్రమ్ము పుల్లలు వేళ్ల మధ్య తిప్పుతూ కూచున్నాడు.

"నువ్వు పోవా?" అని కృపానందం అడిగాడు.

"పోలీసులు నన్ను సాక్షి రాసుకున్నరు అన్నా. మా అన్న పొద్దటి సంది ఫోన్ చేస్తాండు, మనోళ్ల మీద సాక్ష్యం చెప్తవా అని. మనోళ్లు ఎవరే అని అడిగిన. నేను చూసింది చెప్త. మల్లన్న ఏమన్న అబద్ధం చెప్పుమన్నడా?"

చర్చి కూడా భయపడింది. పాస్టర్ అభిషేక్ కొత్తగా వచ్చిన యువకుడు, మంచివాడు. చర్చి వెనక గది కట్టుకోవడానికి అడిగిన అనుమతి ఇంకా రాలేదు. ఈ గొడవలో అది ఆగిపోతుందని ఆయన దిగులు. మట్టల ఆదివారం ముందు వారం ఆరాధన చివర ప్రకటన చదివాడు. యేసు యెరూషలేముకు వచ్చిన రోజు గుర్తుగా ఏటా ఈత మట్టలు పట్టుకుని చౌరస్తా దాకా పోయే ఊరేగింపు ఈసారి లేదు. ప్రహరీ లోపలే చుట్టూ తిరిగి ముగిద్దాం.

కృపానందం చివరి వరసలో లేచి నిలబడ్డాడు. ఆరాధనలో అట్లా లేవడం అక్కడి అలవాటు కాదు.

"అయ్యగారూ, యెరూషలేములకు గాడిద మీద వచ్చిన ఆయన గోడ లోపల తిరిగి పోలేదు గదా."

కొందరు నవ్వారు. అభిషేక్ నవ్వలేదు. "అన్నా, మీ బాధ నాకు అర్థమైతాంది. కానీ సంఘంల ఆడోళ్లు, పిల్లలు ఉన్నరు. ఏమన్నా అయితే నేను ఎవరికి జవాబు చెప్పాలె?"

"మీరు చెప్పకుండ్లి. నేను పోత. సంఘం పేరు చెప్పను, నా పేరే చెప్త. కావాలంటే మళ్లొకసారి బల్లకు దూరం పెట్టుండ్లి, నాకు కొత్త కాదు."

మట్టల ఆదివారం పొద్దున ఎనిమిదికి చర్చి గేటు ముందు నిలబడ్డవాళ్లు పదిమందికి మించరు. లిదియా, మరికొందరు ఆడవాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు. చేతుల్లో ఈత మట్టలు. మహిపాల్ చిన్న డ్రమ్ము వేసుకుని వచ్చాడు. కృపానందం వేళ్ల కడ్డీలు తీసి అప్పటికి వారమే అయింది. క్లారినెట్ లేదు, ఉన్నా వాయించే చెయ్యి కాదు. అందుకని పెద్ద డ్రమ్మును తన మెడకే తగిలించుకున్నాడు. అంత పొట్టి మనిషికి ఆ డ్రమ్ము పెద్దదే. ఎదురుగా వచ్చేవాళ్లకు ముందు నీలం అక్షరాలు, వాటి పైన ఒక నల్లటి తల, అంతే కనిపిస్తుంది. ఎడమ చేత్తో డ్రమ్ము కర్ర పట్టుకున్నాడు.

పాట పాడుతూ రంగశాయిపేట దాటారు. దుకాణాల ముందు ఊడుస్తున్నవాళ్లు చీపుర్లు ఆపి చూశారు. కొందరు ఫోన్లు తీశారు. చౌరస్తా దగ్గరపడేసరికి అక్కడ పదిహేను ఇరవై మంది పిల్లగాళ్లు రోడ్డుకు అడ్డంగా మోటార్ సైకిళ్లు పెట్టి ఉన్నారు. ఆడవాళ్ల పాట పలచబడింది. లిదియా మాత్రం గొంతు ఇంకా పెంచింది.

"ఈ రోడ్డు మీద ఇది నడవది. వాపస్ పోండ్లి," అన్నాడు ఒకడు.

కృపానందం డ్రమ్ము కొట్టడం ఆపలేదు. అడుగు మాత్రం ఆపి, నిలబడిన చోటే కొట్టాడు. తర్వాత కర్ర దించి మామూలు గొంతుతో అన్నాడు.

"ఇదే రోడ్డు మీద మీ వినాయకుని ముందల ముప్పై ఏండ్లు వాయించిన. మీల సగం మంది నా పాటకు ఎగిరినోళ్లే. అప్పుడు ఎవరన్న నా పేరు అడిగిండ్లా? ఈ డ్రమ్మే, ఈ అక్షరాలే. గిది గప్పుడు మీకు చదువరాలేదా?"

వెనక ఉన్నవాడొకడు రాయి తీశాడు, పక్కవాడు అతని చెయ్యి పట్టుకున్నాడు. అంతలో పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగి పర్మిషన్ ఏదని అడిగాడు.

"ఏటా సంఘం తీసుకుంటది సార్. ఈసారి సంఘం రాలేదు. నేనొచ్చిన."

"అయితే వెనక్కి తిరుగు."

"తిరగను సార్. చౌరస్తా దాంక పోయి వస్త. తర్వాత మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్త."

ఎదురుగా రాజేశ్వర్ రావు దుకాణం. ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు, అప్పుడే తాళం తీసినట్టుంది. కృపానందం ఆయన వైపు చూశాడు. ఆయన కిందికి దిగలేదు, లోపలికీ పోలేదు.

ఎండ ఎక్కుతోంది. ఎస్సై గడియారం చూసుకున్నాడు. మోటార్ సైకిళ్లవాళ్లను పక్కకు జరపమని కానిస్టేబుళ్లకు చెప్పాడు. "రెండు నిమిషాలల్ల దాటుండ్లి," అన్నాడు విసుగ్గా. కృపానందం మళ్లీ కర్ర ఎత్తాడు. మహిపాల్ రెండు పుల్లలూ గాలిలోకి లేపి తాళం అందించాడు. వాళ్లు చౌరస్తా దాటారు. పరుగెత్తకుండా, ఎప్పుడూ నడిచే పెళ్లి నడకతోనే దాటారు. అవతలి వైపు చేరగానే ఎస్సై కృపానందాన్నీ మహిపాల్‌నూ జీపెక్కించి, అనుమతి లేకుండా ఊరేగింపు తీశారని కేసు రాశాడు. లిదియా స్టేషను బయట సాయంత్రం దాకా కూచుంది. అభిషేక్ కూడా వచ్చి ఆమె పక్కనే కూచున్నాడు. పాస్టరుగా రాలేదని, తమ్ముడిగా వచ్చానని అన్నాడు. లిదియా జరిగి చోటిచ్చింది.

దెబ్బల కేసు విచారణకు రావడానికి రెండేళ్లు పట్టింది. హనుమకొండ కోర్టులో కృపానందం బోనెక్కాడు. తెల్లచొక్కా, రంగు వేసిన జుట్టు. సాకేత్ అవతల నిలబడి ఉన్నాడు. ఈ రెండేళ్లలో అతను లావయ్యాడు, పెళ్లయింది. అతని వకీలు నేర్పరి. కరపత్రాల సంగతి కాసేపు అడిగి, అది నిలవదని చూసి దారి మార్చాడు.

"నువ్వు క్రైస్తవుడివేనా?"

"అవును సార్."

"మీ మతంలో శత్రువును క్షమించమని ఉందా లేదా?"

"ఉంది సార్."

"మరి ఇంత చిన్న వయసు పిల్లవాడిని జైలుకు పంపాలని రెండేళ్లుగా తిరుగుతున్నావు. నువ్వు చదివేదానికీ చేసేదానికీ పొంతన ఉందా?"

కృపానందం బోను కర్రను ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగకుండా బయటికి చాచి ఉన్నాయి.

"క్షమించిన సార్. ఆయన పేరు పెట్టి దినాం ప్రార్థన చేస్త. అబద్ధమైతే మా ఇంటిదాన్ని అడుగుండ్లి. గాని మీరు క్షమించుమంట లేరు. జరగలేదని చెప్పుమంటాండ్లు. జరగకపోతే నేను దేన్ని క్షమించాలె?"

జడ్జి రాసుకోవడం ఆపి తలెత్తాడు. మళ్లీ రాసుకున్నాడు. వకీలు కాగితాలు సర్దుకుని కూచున్నాడు.

మహిపాల్ సాక్ష్యం చిన్నదే. ఏ చెయ్యి కొట్టింది, ఏ కాలు తొక్కింది, అంతవరకే చెప్పాడు. నీకు ఈయన డబ్బిచ్చి చెప్పించాడా అని అడిగితే, "ఆ పెండ్లి పైసలే ఇంకా రాలేదు సార్," అన్నాడు. హాలులో నవ్వులు లేచాయి. వీడియో వేసి చూపించారు. పెళ్లివాళ్లలో ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. రాజేశ్వర్ రావుకు సమన్లు వెళ్లాయి, ఆయన బీపీ అని డాక్టరు కాగితం పంపాడు. అరుణ మాత్రం ఒకసారి లిదియాకు ఫోన్ చేసి, "నన్ను రానిస్తలేరు వదినా" అని చెప్పి పెట్టేసింది.

సాకేత్‌కూ అతని స్నేహితుడికీ శిక్ష పడింది, కొన్ని నెలలే. ఆ రోజే పైకోర్టుకు పోతామని బెయిలు తెచ్చుకుని ఇంటికి పోయారు. మెట్ల దగ్గర సాకేత్ ఆగి కృపానందం వైపు చూశాడు. ఏదో అంటాడేమో అనుకున్నారు. తల తిప్పుకుని కారెక్కాడు.

బ్యాండు ఇప్పుడు చిన్నది, ఆరుగురే. పట్నంలో పెళ్లిళ్లు ఎక్కువగా విన్సెంట్ రాయల్ బ్యాండుకే పోతాయి. బావా బామ్మర్దులిద్దరూ దారిలో ఎదురుపడితే తలలూపుకుంటారు. క్రిస్మస్ రోజు లిదియా ఇంట్లో కలిసి తింటారు, మేళం మాట ఎత్తరు. హల్లెలూయ బ్యాండుకు పిలుపులు ఏటూరునాగారం వైపు ఊళ్ల నుంచి వస్తాయి. వరంగల్ అంతా తిరిగిన వీడియో అక్కడికీ చేరింది, చూసినవాళ్లే పిలుస్తున్నారు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తాత, దెబ్బలు తిని కూడా అనని మాస్టర్ నువ్వేనా అని అడిగి, తన పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టించాడు. కృపానందం క్లారినెట్ మళ్లీ పట్టలేదు. పెద్ద డ్రమ్మే వాయిస్తాడు, ఎడమ చేత్తో. కొత్తలో తాళం తప్పేది, ఇప్పుడు తప్పడం లేదు.

ఊరేగింపు కేసు ఇంకా నడుస్తోంది. నేరం ఒప్పుకుంటే చిన్న జరిమానాతో ఆ పూటే తేలిపోతుందని ఆయన తరఫు వకీలు చాలాసార్లు చెప్పాడు. మహిపాల్‌కు కూడా చెప్పాడు. మాస్టర్ ఎటంటే అటే అని మహిపాల్ అన్నాడు. కృపానందం ఒప్పుకోలేదు. రోడ్డు మీద పాడుకుంటూ నడవడం నేరమని తన నోటితో అననని, జడ్జి అనుకుంటే అనుకోనీ అని చెప్పాడు. అందుకని వాయిదా పడ్డ ప్రతిసారీ ఇద్దరూ బస్సెక్కి కోర్టుకు పోతారు, పిలుపు వచ్చేదాకా వరండాలో కూచుంటారు.

మొన్న వాయిదా పొద్దున లిదియా టిఫిన్ డబ్బా కడుతూ అడిగింది.

"ఇయ్యాల గూడ ఒప్పుకోవా?"

"ఒప్పుకోను."

"అయితే రెండు రొట్టెలు ఎక్కువ పెడ్త. ఆలస్యమైతది, మహిపాల్‌కు గూడ కావాలె," అని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.